రెండు బజార్ల భోజనం

ఆ ఊరికి వెళ్ళదలచుకున్నవాళ్ళకి ముందే ఒక మాట. పొద్దున్నే టిఫిను చేసి మాత్రం బయల్దేరకండి. నేను చేశాను. గుంటూరు బస్టాండు బయట కారప్పొడి ఇడ్లీ కనిపిస్తే ఆగలేకపోవడం నా బలహీనత. దాని ఫలితం సాయంత్రం దాకా అనుభవించాను.

అసలు ఎందుకు వెళ్ళానంటే, కాలేజీలో నా దగ్గర హోంసైన్సు చదువుకున్న సరోజ పిడుగురాళ్ల అవతల ఒక పల్లెలో టీచరు. ఊరి పేరు రాయను, పాత గొడవల పుణ్యమా అని అది ఇప్పటికే చాలాసార్లు పేపర్లోకి ఎక్కింది. తూర్పు బజారు, పడమటి బజారు రెండు పార్టీలై కొట్టుకుని, బాంబులేసుకుని, సగం ఊరు ఇళ్ళకి తాళాలేసి చుట్టాల ఊళ్ళలో తలదాచుకున్న కాలం అది. కేసులు రాజీ అయ్యాక జనం తిరిగొచ్చారు. సరోజ ఆదివారాలు బడి వరండాలో ముందు పిల్లల్నీ, తర్వాత తల్లుల్నీ కూర్చోబెట్టి, కలిసి బతకడం గురించి పాఠాలు మొదలుపెట్టింది. ఆ తల్లులే ఇప్పుడు రెండు బజార్ల వాళ్ళూ కలిసి కారం మిల్లు పెట్టారు. "ప్యాకింగ్ గురించి చెబుదురుగాని రండి మేడమ్" అని సరోజ ఫోను చేసింది. రిటైరయ్యాక నన్ను ఎవరైనా పిలవడమే ఆలస్యం, సంచి సర్దుకుంటాను.

ఎనిమిదింటికి మాచర్ల బస్సెక్కాను. సత్తెనపల్లి దాటాక రోడ్డుకి రెండువైపులా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకి డ్రైవరుతో సహా అందరం తుమ్ముకుంటూ వెళ్ళాం. పక్క సీట్లో పెద్దాయన నేను వెళ్ళే ఊరు అడిగాడు. చెప్పగానే నావైపు తిరిగి కూర్చుని, "ఏ పార్టీ వాళ్ళింటికండీ?" అన్నాడు.

"ఏ పార్టీ కాదండి, కారం మిల్లుకి."

"అయితే రెండు బజార్లలోనూ తినాల్సిందే. ఒకరింట్లోనే తిన్నారా, ఆ పార్టీ కిందే జమ" అని నవ్వాడు. వేళాకోళమాడుతున్నాడనుకున్నాను.

పిడుగురాళ్లలో దిగేసరికి సున్నం బట్టీల దుమ్ముకి నా నల్ల చెప్పులు తెల్లబడ్డాయి. అక్కణ్ణించి షేర్ ఆటో. ఊళ్ళో దిగగానే ఎదురుగా టీకొట్టు కనిపిస్తే ఒక టీ తాగాను. సరోజ గబగబా వచ్చి, నా చేతిలో గ్లాసు చూసి తల పట్టుకుంది.

"ఇది తూర్పు బజారు వాళ్ళ కొట్టు మేడమ్. పడమటి వాళ్ళది అదిగో, అవతల. పదండి, అక్కడా ఒకటి తాగాలి."

"మిల్లు ఒకటే పెట్టుకున్నారుగా, ఇంకా ఇదేం పట్టింపు?"

"మిల్లు ఆడవాళ్ళది. టీకొట్లు మగవాళ్ళవి."

రెండో టీ తాగాను. దాంట్లో అల్లం బాగుందని పైకే అనేసరికి సరోజ నా చెయ్యి గిల్లింది. ఆ ఊళ్ళో టీని కూడా మెచ్చుకోకూడదన్నమాట.

బడి గోడమీద రంగులతో ఊరి పటం వేసి ఉంది. మొదటి ఆదివారం మన ఊరి బొమ్మ గీయమంటే తూర్పు పిల్లలు తూర్పు బజారు గీసి ఇంతే ఊరన్నారట, పడమటి పిల్లలు పడమటిది గీసి ఇంతేనన్నారట. తర్వాత అందరూ కలిసి గీసింది ఈ గోడమీది పటం. సరోజని చూస్తే నాకు గర్వంగా అనిపించింది, ఆ మాట చెబితే సిగ్గుపడింది.

మిల్లులో నా పాఠం మహా గొప్పగా సాగింది. నేను సీలు వేసిన మొదటి ప్యాకెట్టే విడిపోయి, కారం నా ముక్కులోకే పోయింది. రెండు బజార్ల ఆడవాళ్ళూ ఒకళ్ళమీద ఒకళ్ళు పడి నవ్వారు. తర్వాత వాళ్ళే శుభ్రంగా వేశారు.

మధ్యాహ్నం మొదటి భోజనం పడమటి బజార్లో, అనసూయ ఇంట్లో. ముద్దపప్పు, గోంగూర పచ్చడి, గడ్డపెరుగు. వడ్డిస్తూ తన సంగతి చెప్పింది.

"మా పుట్టిల్లు ఈ ఊరే మేడమ్ గారూ, తూర్పు బజారు. మా సుబ్బులు వదినా నేనూ మిల్లులో పక్కపక్కనే కూర్చుని తొడిమలు తీస్తాం. అన్నయ్య మాత్రం మా గడప తొక్కడు. గొడవల్లో మా ఆయన వాళ్ళు ఇటు, వాళ్ళు అటు అయ్యారుగా. ఎదురుపడితే ఇద్దరం చెప్పుల వంక చూసుకుంటా పోతాం."

"నువ్వే ఒకసారి వెళ్ళకూడదూ?"

"వెళ్ళా. గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. ఇంక ఆయనే రావాలి." కళ్ళు తుడుచుకుని, "ఇంకో ముద్ద" అంటూ నెయ్యి పోసింది. కాదనలేక అదీ తిన్నాను. బయల్దేరేటప్పుడు దారిలో తినమని చిన్న స్టీలు డబ్బాలో గోంగూర పచ్చడి పెట్టిచ్చింది.

రెండో భోజనం ఆ అన్నయ్య కోటయ్య ఇంట్లోనే. విస్తరి ముందు కూర్చున్నానేగాని చెయ్యి కదలదు. కోటయ్య మొహం ముడుచుకుంది.

"మా ఇంటి కూడు సయించలేదా అండీ?"

"మీ చెల్లెలు గోంగూర పచ్చడి పెట్టి నా పొట్టలో చోటు లేకుండా చేసిందండీ. తప్పు ఆవిడది" అన్నాను. సరోజ మళ్ళీ నా చెయ్యి గిల్లింది. అనకూడని మాట అన్నానని నాకూ అర్థమైంది. కోటయ్య మాత్రం, "గోంగూరా?" అన్నాడు. డబ్బా తీసి ముందు పెట్టాను.

ఆయన పచ్చడి చూడలేదు, మూత చూశాడు. పాత్రల షాపులో చెక్కించిన చుక్కల అక్షరాలతో దానిమీద తిరుపతమ్మ అని ఉంది. వాళ్ళమ్మ పేరు. మూత తీసి వేలితో రుచి చూసి, "ఉప్పు తక్కువ" అన్నాడు. అని నా విస్తరి తనవైపు లాక్కుని, ఆ పచ్చడితో అన్నమంతా కలుపుకు తిన్నాడు.

చెయ్యి కడుక్కొచ్చి, "ఈ డబ్బా గుంటూరు పోవటానికి లేదండి. మా అమ్మది" అన్నాడు.

"మరి ఇచ్చేసి రండి" అన్నాను.

"ఖాళీ డబ్బా ఎట్టా పంపుతాం?" అంటూ సుబ్బులు మిగిలిన పచ్చడి గిన్నెలోకి తీసి, డబ్బా కడిగి తుడిచి, జున్ను ముక్కలు సర్దింది. గేదె ఈని వారం కాలేదట. డబ్బా పట్టుకెళ్ళమని కోటయ్య ఆవిడతో అన్నాడు. తనకి గేదె పనుందంది. సరోజవైపు చూశాడు. బడికి తాళం వెయ్యాలంది. నావైపు చూశాడు. నాకు బస్సుందన్నాను. మా ముగ్గురికీ ఆ పూటకి అన్ని పనులు ఎలా పడ్డాయో ఆ దేవుడికే తెలియాలి.

ఆటో ఊరి మధ్యకి వచ్చేసరికి కోటయ్య ఉతికిన చొక్కా వేసుకుని రెండు టీకొట్ల మధ్య నడిచి వస్తున్నాడు. డబ్బా రెండు చేతుల్తో పట్టుకున్నాడు. కొట్ల దగ్గర మగాళ్ళు గ్లాసులు దించి చూస్తున్నారు. ఆయన చెప్పుల వంక చూడలేదు, నేరుగా పడమటి బజారులోకి తిరిగాడు. నాకు ఎంత సంతోషమేసిందంటే, ఆటో అబ్బాయిని కాసేపు ఆపమన్నాను.

తిరుగు బస్సులో సీటు దొరికింది. శాంతి గురించి సభల్లో చాలా ఉపన్యాసాలు విన్నాను, ఇంతగా కడుపు నిండింది మాత్రం ఈ ఊళ్ళోనే. కునుకు పట్టే వేళకి అనసూయ ఫోను.

"అన్నయ్య వచ్చాడు మేడమ్ గారూ."

"ఏమన్నాడు?"

"పచ్చట్లో ఉప్పు తక్కువన్నాడు. అని మళ్ళీ పెట్టించుకున్నాడు."

"ఇంట్లో అన్ని డబ్బాలుండగా నాకు ఆ డబ్బాలోనే ఎందుకిచ్చావమ్మా?"

అవతల వెనకనించి ఒక మగ గొంతు మంచినీళ్ళడిగింది.

"అన్నయ్య పిలుస్తున్నాడు, ఉంటానండి" అని పెట్టేసింది.