ఎండిన బావి అని రాసింది నేనే

‘ఎండినది.’ ఈ ఒక్క మాటను ఏడేళ్లుగా మోస్తున్నాను. రాసింది నేను. అబద్ధమని తెలిసే రాశాను. నా పేరు చెప్పను. పేరు చెబితే మీరు నన్ను నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటారు. అంత తేలిగ్గా పోవడం నాకిష్టం లేదు.

యుద్ధం రోజులు. మద్రాసు మీద బాంబులు పడతాయని జనం మూటాముల్లె సర్దుకుని బెంగళూరికి వచ్చేస్తున్నారు. మా పేట పురసభలో నేను గుమాస్తాను. బాంబు పడి కొళాయి గొట్టాలు పగిలితే మంటలార్పడానికి నీళ్లెక్కడివన్న ప్రశ్న సభలో వచ్చింది. ఇళ్లలోని బావులన్నిటికీ జాబితా తయారు చేయాలని తీర్మానించారు. నీళ్లున్న బావి అయితే పెరటి గోడ పగలగొట్టి వీధిలోకి తలుపు పెట్టాలి. ఆపద వచ్చినప్పుడు ఏ కులంవాళ్లయినా వచ్చి తోడుకోవచ్చు. ఆ తీర్మానాన్ని నేనే గుండ్రటి అక్షరాలతో రాశాను. దస్తూరి బాగుందని అందరూ మెచ్చుకున్నారు.

మా ఇల్లు బళేపేట వెనక సందులో. పెరటి గోడకు అవతల మగ్గాలవాళ్ల వరస. అమ్మ మడి మనిషి. వాళ్ల చేద మన బావిలో పడితే ఇక ఈ ఇంట్లో పచ్చి మంచినీళ్లు ముట్టనంది. రెండు పూటలు అన్నం మానేసింది కూడా. అమ్మ కోసం చేశానని ఏడేళ్లుగా నాకు నేను చెప్పుకున్నాను. నిజమేనా? అమ్మను ఒప్పించడానికి నేను ఒక్క మాటైనా మాట్లాడానా? లేదు. వాళ్లు మా పెరట్లో అడుగుపెట్టడం నాకూ ఇష్టం లేదు. అమ్మ పైకి అంది, నేను అనలేదు, అంతే తేడా.

తనిఖీకి సభాధ్యక్షుడు, ఇద్దరు సభ్యులు మా ఇంటికొచ్చారు. వసారాలో కూర్చుని కాఫీ తాగారు. మా బావి నీళ్లతో కాచిన కాఫీ. ఎండన పడి వచ్చామంటూ చల్లటి నీళ్లు అడిగి మరో చెంబుడు తాగారు. మూతి తుడుచుకుని, జాబితాలో మా బావి వివరానికి ఎదురుగా నేను ‘ఎండినది’ అని రాసిన కాగితం మీద ముగ్గురూ సంతకాలు చేశారు. ఒక్కడూ పెరట్లోకి తొంగి చూడలేదు. ఎందుకు చూస్తారు? వాళ్ల ఇళ్లలో ఎన్ని బావులు ఆ నెలలోనే ఎండిపోయాయో నాకు తెలుసు. వాటినీ నేనే ఎండబెట్టాను.

బాంబులు పడలేదు. ఎండాకాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం, వెనక వరసలో పొయ్యిలోని నిప్పురవ్వ కప్పుకి అంటుకుంది. ఆ వేళకి కొళాయిలో నీళ్లు రావు. గోడకు అవతలి ఇంటి నేతగాడు మునియప్ప రెండు చేతుల్లో రెండు బిందెలు పట్టుకుని, సందంతా చుట్టి మా వీధి తలుపు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

“సామీ, దారి ఇడవండి. నీళ్లు కావాల. ఇల్లు కాలిపోతా ఉండాది.”

“మా బావిలో నీళ్లు లేవప్పా. లిస్టులో రాసిండాది.”

“లిస్టు నాకెందుకు సామీ? పొద్దున గిలక చప్పుడు ఇన్నాను. మీరు చెప్పండి, ఉండాయా, లేవా?”

“లేవు.”

గుమ్మానికి అడ్డంగా నిలబడే చెప్పాను. మునియప్ప నా ముఖంలోకి ఒక్కసారి చూశాడు. తిట్టలేదు. సత్రం బావి వైపు పరుగెత్తాడు. అది బజారు చివర ఉంది.

అతను తిరిగి వచ్చేలోపల భార్య చౌడమ్మ మగ్గం మీది పడుగు కోసం మంటల్లోకి వెళ్లింది. ప్రాణం దక్కింది. చేతులు దక్కలేదు. తెగిన పోగులను కంటికి కనిపించకుండా అతికే మనిషి ఆమె. ఆ వేళ్లు ఒకదానికొకటి అంటుకుపోయాయి. నాలుగు నెలలకు ఆ కుటుంబం అత్తిబెలె వైపు వెళ్లిపోయింది.

యుద్ధం అయిపోయాక సభ జరిపారు. మన పేటలో ఒక్క ప్రాణికీ హాని జరగలేదని అధ్యక్షుడు ఉపన్యసించాడు. నాకు శాలువా కప్పాడు. నేను కప్పించుకున్నాను. సిగ్గు వేసింది, అయినా తీసి కింద పెట్టలేదు. పోయిన నెల ధైర్యం చేసి, ఆ జాబితా దిద్దాలని అడిగాను. యుద్ధమే పోయింది, ఇంకా బావులేమిటయ్యా అని నవ్వాడు. ఆ నవ్వు విని ఒళ్లు మండింది. అందుకే ఇది రాస్తున్నాను. ఉద్యోగం ఊడితే ఊడనీ. సంతకాలు చేసిన వాళ్లకి కోపం వస్తే రానీ. వాళ్లు తాగిన నీళ్లకు నేను సాక్షిని.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీరు క్షమించినా నాకు పనికిరాదు. ఆ హక్కు చౌడమ్మది. ఆమె ఎదుట నిలబడే ముఖం నాకు లేదు, వెళ్తానని మీ ముందు గొప్పలు పోను. ఇది రాస్తుంటే మాత్రం, ఇన్నేళ్లకు ఊపిరి తిన్నగా ఆడుతోంది. సిగ్గులేని ఊపిరి అంటారా? అనండి.

ఉన్నాయి మునియప్పా. ఆ రోజు మా బావిలో రెండు నిలువుల నీళ్లు ఉన్నాయి.