రేకు తీసేదాకా ముట్టరాదు

ద్రాక్ష విషయంలో నా అంత తెలివితక్కువవాడు కంచరపాలెంలో ఇంకొకడు ఉండడు. ఈ మాట నాకు నేనుగా ఒప్పుకోవాల్సిన పని ఇన్నాళ్ళూ పడలేదు, మా బావ వారానికోసారి వచ్చి నా తరఫున ఒప్పుకుంటూ ఉండేవాడు. నిన్న డాబాకి సున్నం వేయడానికి వచ్చినతను నీళ్ళ ట్యాంకు వెనకనుంచి తుప్పు పట్టిన నూనె డబ్బా మూత ఒకటి లాగి, "ఏటి బాబూ ఇది? పారీమంటారా?" అని అడిగాడు. దాని మీద ఎర్ర రంగుతో వంకర టింకర అక్షరాలు: "మందు కొట్టినాం. రేకు తీసేదాకా ఎవులూ ముట్టరాదు." చేతిరాత మా బావది. నేను ఆ రేకుని పంచె కొంగుతో తుడిచి, పందిరి కింద నీడలో కూర్చుండిపోయాను.

ఆ పందిరి మీది తీగని మద్దిలపాలెం కూడలిలో తోపుడు బండి మీద మొక్కలమ్మేవాడి దగ్గర కొన్నాను. మూడేళ్ళు పెంచాను. ఆకులంటే ఆకులు కావు, అరిటాకు లేకపోతే భోజనం పెట్టేయొచ్చు. కాయ మాత్రం ఒక్కటీ లేదు. కొమ్మలు కత్తిరిస్తేనే కాపు వస్తుందని చదివాను గాని, చేతులు రాలేదు. కర్మాగారంలో ముప్పై ఏళ్ళు భద్రతా శాఖలో పనిచేసినవాణ్ణి, ద్రాక్ష శాఖ ఒక్కటి కోయలేకపోయాను. బావ, అంటే మా అక్క మొగుడు, విజయనగరం అవతలి రైతుల బిడ్డ. పోర్టులో క్రేను నడుపుతాడు గాని చేతివేళ్ళకి మట్టి మరుపు రాలేదు. నాకు "ఆకుల రైతు" అని పేరు పెట్టింది ఆయనే. పోర్టు క్యాంటీనులో కూడా నేను అదే పేరుతో ప్రసిద్ధి. నా పందిట్లో పండిన గుత్తి ఒక్కటి ఈ మనిషి చేతిలో పెట్టి ఆ పేరు వెనక్కి తీసుకునేలా చేయాలన్నది అప్పట్లో నా జీవితాశయం.

ఒక చలికాలం ఆదివారం ఆయనే కత్తెర తెచ్చి, నేను కిందికి టీ కోసం వెళ్ళిన సందులో తీగనంతా మోడు చేసి పెట్టాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. "ఏడవకు బావా, నీకు క్షవరం సేసినప్పుడు నాను ఏడిసినానేటి?" అన్నాడు. కొన్ని వారాలకి చిగురు, చిగురు వెనక పూత, పూత వెనక ఆవగింజలంత పిందెలు. పిందెలు శనగ గింజలంత అయ్యేసరికి ఆకుల అడుగున తెల్లటి బూజు. మన ఉక్కపోతకి మనుషులకే బూజు పడుతుంది, ద్రాక్ష ఎంత?

మందు పొట్లం మీద అన్నీ రాసి ఉన్నాయి. చేతులకి తొడుగులు, ముక్కుకి గుడ్డ, గాలి లేనప్పుడే కొట్టాలి, కొట్టాక ఇన్ని రోజులు కాయ కోయకూడదు. ఇలాంటివి నేను వందలమందిని బోర్డు ముందు నిలబెట్టి చెప్పినవాణ్ణి. చెప్పేవాడికి మళ్ళీ చదవడమెందుకని, సాయంత్రం నాలుగింటికి, సముద్రపు గాలి ఊపు మీద ఉన్న వేళ, లుంగీ బనీనుతో డాబా ఎక్కి పిచికారీ మొదలెట్టాను. మెట్లెక్కి వస్తున్న బావ కేక పెట్టాడు.

"గాలెటేసి వీస్తందో సూసినావా బావా? ఆపు, ఆపు!"

చూశాను. నా మందంతా మేఘంలా లేచి పక్క డాబా మీద దిగుతోంది. అక్కడ అప్ప నెత్తళ్ళ చేపలు ఆరబెట్టి ఉంచింది. అప్ప మా పక్కింటావిడ, చుట్టం కాదు, వయసులో పెద్దది కనుక అప్ప. ఆవిడ తమ్ముళ్ళు ఇంకా వేటకెళతారు; వాళ్ళు తెచ్చిన చేపల్ని ఎండబెట్టి పూర్ణా మార్కెట్లో అమ్ముతుంది. ఆ ఎండు చేపలు మర్నాడు పొద్దున్నే బజారుకెళ్ళాలి.

బావ ముందు నన్ను నూతి దగ్గరికి నెట్టి, సబ్బుతో రెండుసార్లు తోమించి, బట్టలు విడిగా నానబెట్టించాడు. ఒళ్ళు తుడుచుకుంటూ ఆలోచించాను. వెండిరంగు చేప మీద మందు మరక కనబడదు. అప్ప ఇంట్లో లేదు. ఎవరూ చూడలేదు. ఆ చేపలు ఎవరింటి కూరలోకో వెళతాయి, అంతే. బావ తువ్వాలు అందించి నా మొహంకేసి చూస్తూ నిలబడ్డాడు.

అప్ప రాగానే గుమ్మంలోనే చెప్పేశాను.

"ఓలమ్మో! నెత్తిన టోపీ ఎట్టుకుని ఊరందరికీ జాగర్తలు సెప్పినోడివి, నా సేపలకి మందు పెడతావేట్రా!" అని నెత్తి కొట్టుకుంది. తర్వాత ఒక్క చేప మిగల్చకుండా గంపకెత్తి, పిల్లులు తవ్వలేనంత లోతు గొయ్యి నా చేతే తీయించి పాతిపెట్టింది. శిక్ష బావ వేశాడు. అప్ప తమ్ముళ్ళు మళ్ళీ తెచ్చిన చేపలు ఆరినన్నాళ్ళూ కాకుల కాపలా నాది. కాకులు నెత్తిన పొడుస్తాయి కనుక, నా పాత హెల్మెట్ పెట్టుకుని, కర్ర పట్టుకుని కూర్చున్నాను. బావ ఫొటో తీసి పోర్టంతా చూపించాడు. ద్రాక్ష కోసం ఇంత శిక్ష పడ్డవాడు లోకంలో ఉండడు.

బావ ఈ రేకు రాసి పందిరికి కట్టింది అప్పుడే. "మళ్ళీ కొడితే మళ్ళీ మొదట్నించి లెక్క. రేకు తీసే పెత్తనం నీది. అందాకా నానైనా ముట్టను," అన్నాడు. ఆయనకి ఆ ద్రాక్షతో వైన్ పెట్టాలని కోరిక. ఇంట్లో జాడీ కడిగి ఎండలో పెట్టుకున్నాడట.

పొట్లం మీది రోజులు అయ్యాయి. ఇంకో రెండు రోజులు కలిపి ఆగాను. మొదటి గుత్తి మూడు నీళ్ళు కడిగి అప్పకిచ్చాను. "పుల్లగుందిరా, బాగుంది," అంది. రెండోది నేను తిన్నాను. రుచి తెలిశాక బావ జాడీకి గుత్తులివ్వడానికి మనసొప్పక, రేకు మాత్రం తీయలేదు. ఆదివారం బావ వచ్చి, పందిరి కింద చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకా అవలేదేటి?"

"మళ్ళీ మచ్చ కనిపించింది బావా. ఇంకోసారి కొట్టాను."

భద్రతా శాఖ మనిషి చెప్పిన అబద్ధాల్లో ఎవరికీ ప్రమాదం తేనిది బహుశా ఇదొక్కటే.

తర్వాతి ఆదివారం గుత్తులు సగమయ్యాయి. "కాకులు బావా," అన్నాను. "మందు తగిలి సచ్చిపోవేటి అవి, పాపం?" అని బెంగపడ్డాడు. "వాటికి చదువు రాదు కదా, రేకు చదవలేవు," అన్నాను. ఆయన జాడీ మూడోసారి ఎండలో పెట్టాడు. చివరికి మిగిలిన రెండు గుత్తులూ ఆయన చేతిలో పెట్టాను. జాడీలో పెట్టి, పంచదార పోసి, గుడ్డ కట్టి, నెల ఆగి తీస్తే అది పులిసి వెనిగర్ అయింది. అప్ప దాన్ని చింతపండు బదులు చేపల పులుసులో పోసి, మా అందరికీ వడ్డించింది. ఆ పూట ఆకుల రైతు అన్నమాట బావ నోట రాలేదు, నోరు ఖాళీ లేదు.

సున్నం అతనికి రేకు పారేయొద్దన్నాను. తుప్పు గీకించి, మళ్ళీ పందిరికి కట్టించాను. ఈ ఏటి కాయ రంగు తిరుగుతోంది. మందు కొట్టనే లేదు, బూజు రాలేదు. పొద్దున బావ ఫోను చేసి, "జాడీ కడగమంటావేటి?" అని అడిగాడు. "రేకు ఉంది బావా," అన్నాను. కాలాన్ని ఎవరూ ఆపలేరంటారు గాని, నూనె డబ్బా మూత ఒకటి చేతిలో ఉంటే మూడు ఆదివారాలైనా ఆపవచ్చు.