అయిదో నంబరు బ్రేక్ ఆయిల్

మా మావయ్య కారు బ్రేకు మెత్తబడిందని ఒక సోమవారం ఫోన్ వచ్చింది. ఆయన స్టీల్ ప్లాంటులో పని చేసి రిటైరయ్యారు, దువ్వాడలో ఇల్లు కట్టుకున్నారు. పెడల్ తొక్కితే మునుపటిలా గట్టిగా నిలబడడం లేదట. ఆయిల్ పాతబడి ఉంటుంది, మార్చెయ్యమని మెకానిక్ అన్నాడట.

"ఏ రకం ఆయిల్ పొయ్యాలో నువ్వు సూసి సెప్పు అల్లుడూ. శనారం సింహాచలం కొండెక్కాల. మీ అత్తకి మొక్కుంది" అన్నారు.

నన్ను అడిగారు. చాలా రోజుల తర్వాత నన్నే అడిగారు. ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాటే మళ్ళీ మళ్ళీ తలుచుకున్నాను.

నేను పోర్టులో లారీల వేబ్రిడ్జి దగ్గర పని చేస్తాను. నిండు లారీ బరువులోంచి ఖాళీ లారీ బరువు తీసెయ్యడం నా ఉద్యోగం. ఇంటర్ తప్పాను. లెక్కలు మాత్రం పుస్తకాలు కొనుక్కుని సొంతంగా నేర్చుకున్నాను. పెళ్ళయిన కొత్తలో అత్తవారింట్లో గదికి ఎన్ని టైల్సు పడతాయన్నా, డాబా మీద ట్యాంకు ఎన్ని లీటర్లదైతే సరిపోతుందన్నా నా దగ్గరికే వచ్చేవారు. పన్నెండేళ్ళు అలా నడిచింది. తర్వాత మా మరదలికి పెళ్ళయింది.

నా తోడల్లుడు నాకంటే పదకొండేళ్ళు చిన్న. గాజువాకలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. దేన్నీ కొలవడు, రాసుకోడు, వాకిట్లోకి వస్తూనే ఇంటిల్లిపాదినీ నవ్విస్తాడు. చేపల పులుసు వండితే తలకాయ ముక్క ఒకప్పుడు నా కంచంలో పడేది. ఇప్పుడు అతని కంచంలో పడుతోంది. ఒకసారి రీచార్జి చేస్తానని మావయ్య ఫోను తీసుకుని, ఆ నెలలో ఆయన ఎవరికి ఎన్నిసార్లు ఫోన్ చేశారో లెక్కపెట్టాను. నాకు నాలుగు, అతనికి పంతొమ్మిది. ఇలాంటి లెక్క ఎవరికీ చెప్పుకోలేం.

అందుకే ఈ బ్రేక్ ఆయిల్ సంగతి తేలిగ్గా వదలదలుచుకోలేదు. కారుతో వచ్చిన పుస్తకం ఫొటోలు తెప్పించుకున్నాను. మూడో నంబరు గానీ నాలుగో నంబరు గానీ పొయ్యమని ఉంది. రెండింటిలో ఏది? బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మనది సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. తేమ పీల్చిన మూడో నంబరు నూట నలభై డిగ్రీల దగ్గర మరుగుతుంది, నాలుగో నంబరు నూట యాభై అయిదు దగ్గర. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకులు కాలి ఆయిల్ మరిగిందంటే లోపల ఆవిరి చేరి పెడల్ నేలకు ఆనిపోతుంది. ఆ పదిహేను డిగ్రీలు మనకు కావాలి. కాబట్టి నాలుగు.

అయిదో నంబరు గురించి కూడా చదివాను. అది అసలు వేరే సరుకు. సిలికాన్‌తో చేస్తారు, మిగతావాటితో కలవదు. పైపుల్లో మిగిలిన పాత ఆయిల్‌తో కలవకుండా నూనె, నీళ్ళలా విడిగా ఉండిపోతుంది, గాలి బుడగల్ని పట్టుకుంటుంది. అయిదు పాయింట్ ఒకటి అని ఇంకోటుంది. అది నాలుగుకు చుట్టం, అయిదుకు కాదు. ఈ అంకెలు చిన్నా పెద్దా చెప్పేవి కావని అర్థం చేసుకోవడానికి నాలాంటివాడికే రెండు రోజులు పట్టింది. అంతా ఒక కాగితం మీద శుభ్రంగా రాసుకుని, గురువారం డ్యూటీ దిగి నేరుగా దువ్వాడ వెళ్ళాను.

వరండాలో అందరూ నవ్వుతున్నారు. తోడల్లుడు మధ్యలో కూర్చున్నాడు. కిటికీ గట్టు మీద కొత్త బ్రేక్ ఆయిల్ డబ్బా ఉంది.

"రా అన్నయ్యా. నీకు శ్రమెందుకని నానే తెచ్చీసినాను. విదేశీ బైకుల సామాన్లమ్మే షాపుంది, అక్కడ దొరికింది. అందరూ నాలుగు పోత్తారంట. మన మావయ్యకి అయిదు!" అన్నాడు.

"రేపు ఆటోనగర్ తీసికెల్లి పోయించీస్తానంటన్నాడు. సిటికెలో పనైపోనాది" అన్నారు మావయ్య. నా కాగితం గురించి అడగలేదు. అడిగిన సంగతే ఆయనకు గుర్తున్నట్టు లేదు.

డబ్బా చేతిలోకి తీసుకున్నాను. అయిదు అని పెద్దగా ఉంది. పక్కనే సిలికాన్ అని చిన్నగా ఉంది. 'ఇది పొయ్యకూడదు' అని రెండు మాటలు అంటే సరిపోయేది. నేను డబ్బాను గట్టు మీద పెట్టేసి, అత్తయ్య ఇచ్చిన టీ తాగాను. కాగితం జేబులోనే ఉంచుకున్నాను.

ఎందుకు చెప్పలేదో నాకు బాగా తెలుసు. అతను తప్పు చేశాడని అందరూ చూడాలి. నేను వేలెత్తి చూపించడం కాదు, వాళ్ళంతట వాళ్ళే చూడాలి. పెడల్ ఇంకా మెత్తబడాలి, మావయ్య మళ్ళీ నాకు ఫోన్ చెయ్యాలి. అంతకు మించి ఆలోచించలేదని అప్పుడు అనుకున్నాను. శుక్రవారమంతా లారీలు తూస్తూ, ఆటోనగర్ మేస్త్రి చూసుకుంటాడులే అని సర్దిచెప్పుకున్నాను. మేస్త్రి చూడకపోతే అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా ఇంకో లారీని ముందుకు రమ్మన్నాను.

శనివారం ఉదయం కొండ దిగువన టోల్ గేటు దగ్గర కలుసుకున్నాం. వాళ్ళు నలుగురూ దువ్వాడ నుంచి కారులో వచ్చారు. తోడల్లుడే నడుపుతున్నాడు, పక్కన మావయ్య, వెనక అత్తయ్య, మరదలు. మేం సీతమ్మధార నుంచి స్కూటర్ మీద వెళ్ళాం, నేనూ మా ఆవిడా పదేళ్ళ మా అమ్మాయీ. స్కూటర్ ఇంకా ఆపకముందే అమ్మాయి దూకేసింది.

"నేను కారులో వస్తాను. అమ్మమ్మ పక్కన కూర్చుంటాను" అంటూ కారు ఎక్కి తలుపు వేసుకుంది.

కారు దగ్గరికి పరిగెత్తాను. "దిగు!" అని అరిచాను. "అందరూ దిగండి. ఆ బండి కొండెక్కకూడదు. అందులో పోసింది తప్పు ఆయిల్!"

గేటు దగ్గర జనం తిరిగి చూశారు. తోడల్లుడు దిగి వచ్చి, నవ్వుతూ బానెట్ ఎత్తాడు.

"కంగారు పడకన్నయ్యా. అది పొయ్యలేదు. మేస్త్రి ఈ మూత తిప్పి సూపించినాడు, మూడు గానీ నాలుగు గానీ అని మూత మీదే రాసుంది. అయిదు పెద్దది గదా అన్నాను. 'ఇది సెప్పుల సైజేటి బావా, ఎదిగే కాలు గదాని పెద్దది కొనడానికి' అని షాపంతా నవ్వించీసినాడు. డబ్బా తిరిగిచ్చీసి నాలుగు పోయించినాను. సూడు."

చూశాను. అయిదో నంబరైతే ఊదారంగులో ఉండాలి. లోపల లేత తేనె రంగు ఆయిల్ గీత దాకా ఉంది. కొత్తది, నాలుగో నంబరుదే.

"నీకెప్పుడు తెలిసిందేటి?" అన్నాడు మామూలుగా.

"గురువారం" అన్నాను. అబద్ధం ఆడొచ్చన్న ఆలోచన రాలేదు.

అతను బానెట్ దించేసి ఇంకేమీ అడగలేదు. అడిగింది మా ఆవిడ, నాకు మాత్రమే వినిపించేలా.

"గురువారం ఇంటికొచ్చి, శనివారం మనం కారెక్కొద్దు, స్కూటర్ మీదే వెళ్దాం అన్నారు కదా. కారులో ఇరుకన్నారు. ఇరుకని కాదన్నమాట."

ఆ మాట నేను అన్నాను. ఎందుకన్నానో అంతవరకూ నాకు నేను చెప్పుకోలేదు. మా ముగ్గురినీ తీసేసి, మిగతా నలుగుర్నీ ఆ కారులో వదిలేశాను. ఆవిడ తల్లీ తండ్రీ చెల్లెలూ అందులో ఉన్నారు. ఆవిడ వెళ్ళి కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని కారులో కూర్చుంది. నేను ఒక్కణ్ణే స్కూటర్ మీద వెనక వెళ్ళాను.

పైన మొక్కు తీరింది. తిరిగి వచ్చేటప్పుడు తోడల్లుడు కారు తాళాలు నా చేతిలో పెట్టాడు. "నువ్వు దింపన్నయ్యా. బ్రేకు నువ్వే సూసుకుంటే నీకూ నిమ్మళం. మేవిద్దరం స్కూటర్ మీద గాలికొస్తాం."

నలుగురి ముందూ నా పరువు నిలబెట్టాలనే అలా అన్నాడు. అది కూడా అతనికి తేలిగ్గా వచ్చేసింది. నేనైతే అలా అనగలనా అని చూసుకుంటే, అనలేను. గురువారం నాడు పడ్డ అసూయ ఇప్పుడు పడ్డదాని ముందు చాలా చిన్నది.

మొదటి మలుపులో పెడల్ తొక్కాను. పాదానికి గట్టిగా తగిలింది. ఎక్కడా గాలి లేదు, పని పద్ధతిగా చేయించాడు. రెండో మలుపు, మూడో మలుపు. ఎక్కడైనా కాస్త మెత్తగా తగులుతుందేమోనని పాదంతో వెతుకుతున్నాను. తగలలేదు. తగిలితే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. వెనక సీట్లో మా అమ్మాయి పాట పాడుతోంది.

"ఎలాగుంది అల్లుడూ?" అన్నారు మావయ్య.

అద్దంలో మా ఆవిడ నా వైపే చూస్తోంది. ఇంకో రెండు మలుపులు తిప్పాను.

"బాగా చేయించాడు మావయ్యా" అన్నాను. "ఇకమీద బ్రేకుల సంగతి అతన్నే అడగండి."

అద్దంలో ఆవిడ చూపు తిప్పుకుంది. మావయ్య "అలాగే" అన్నారు.

ఆ తర్వాత నిజంగానే అతన్నే అడుగుతున్నారు.