డచ్చి ఓడకు పెట్టిన బొట్టు

మన సముద్రాలను దోచుకున్న ఓడ పటానికి బొట్టు పెట్టి దండం పెట్టే తెలివిని ఏమనాలో మీరే చెప్పండి?

నేను దయ్యాలను నమ్మను. నమ్మేవాళ్లతో కాకినాడ సభల్లో గంటలకొద్దీ వాదించినవాణ్ణి. ఇది రాయడం నాకే చికాకు. జరిగింది దాచడం అంతకంటే సిగ్గుచేటు కనుక రాస్తున్నాను.

అప్పుడు నేను మలయాలో, హుటాన్ మెలింటాంగ్ దగ్గరి ఒక రబ్బరు తోట బడిలో మేస్టర్ని. తోట దొర స్వదేశానికి పోతూ ఒక పెద్ద నూనెరంగుల పటం బడికి వదిలిపోయాడు. డచ్చివారి యుద్ధ ఓడలు. ముప్పాతిక ఆకాశం, పావు సముద్రం, ఎక్కడ చూసినా జెండాలు. తగరం కోసం మా తోటకు దగ్గర్లోని పెరాక్ నదిలోకి ఫిరంగులతో వచ్చినవాళ్ల డాబు అది. గీసినవాడికి వాళ్ల షావుకార్ల మెప్పు తప్ప మరేమీ పట్టలేదు.

మా తోటలో విశాఖ తీరపు జాలరి కుటుంబాలు కొన్ని ఉండేవి. కొత్త పడవకు పసుపు రాసి బొట్టు పెట్టడం వాళ్ల ఆచారం. అప్పలమ్మ అనే ఆవిడ ఆ అలవాటు కొద్దీ పటంలోని పెద్ద ఓడ ముక్కుకు బొట్టు పెట్టింది. ఆమె భర్త రాములు చేపల పడవ మీద సముద్రంలోకి పోయి అప్పటికి మూడు రోజులు.

మిట్టమధ్యాహ్నం, పిల్లలందరి ముందూ, తడిగుడ్డ తీసుకున్నాను.

"మేస్టరుబాబూ, ఆడు ఒడ్డుకొచ్చీదాకా ఉంచండి," అంది అప్పలమ్మ.

"నీ పెనిమిటిని డచ్చివాడు కాస్తాడా? వాడికి రాములు పేరైనా తెలుసా?"

"ఆడి పేరు నాకూ తెల్దు. ఓడకి బొట్టెట్టినాను గానీ, ఆడికెట్టినానేటి?"

పిల్లలు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. తుడిచేశాను.

పటం కింది అంచు నుంచి నీళ్లు కారసాగాయి. గుడ్డ నీళ్లే అనుకున్నాను. ఆగలేదు. పటం దించి చూశాను. గోడ పొడిగా ఉంది, పటం వెనక చెక్క కూడా పొడిగానే ఉంది. వేలితో రుచి చూస్తే ఉప్పు. మా నూతి నీళ్లలో ఉప్పు లేదు.

అప్పలమ్మ మళ్లీ బొట్టు పెట్టింది. ధార ఆగింది.

మర్నాడు రాములు వచ్చాడు. నిన్న మధ్యాహ్నం ఉన్నట్టుండి పడవలోకి నీళ్లు వచ్చాయట. అందులో ఉన్న నలుగురూ తోడి తోడి ఆశ వదులుకున్నాక, వాటంతటవే ఆగాయట. ఒడ్డుకు పోయి పడవను బోర్లించి నేనే వెతికాను. చిల్లు లేదు, పలకల సందు విడలేదు.

కాకతాళీయం అంటారా? నేనూ ఏళ్ల తరబడి అదే అన్నాను. ఆ ఉప్పు ఎక్కడిదో మాత్రం ఈనాటికీ చెప్పలేను.

ఆ ఓడలంటే నాకిప్పటికీ అసహ్యమే. మీ గోడ మీద అలాంటి పటం ఉంటే దించండి, ఆ ఫిరంగులు ఎవరి మీదికి గురిపెట్టారో పిల్లలకు చెప్పండి. కానీ దాని మీద బొట్టుంటే, గుడ్డ అందుకోకముందు, ఎవరి మనిషి నీళ్ల మీద ఉన్నాడో అడగండి.