ఇస్తారా అత్తయ్య

అత్తగారికి బీపీ లేదు, షుగరు లేదు. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు, అడగడం. ఎవరింట్లో ఏ వస్తువు కంటపడినా దాన్ని ఒకసారి తట్టిచూసి, "దీంతో మీకు పనైపోయిందా? ఇస్తారా?" అంటుంది. వీధి వీధంతా ఆమెకి 'ఇస్తారా అత్తయ్య' అని పేరు పెట్టేసింది.

అలాంటి మనిషి నోరు తెరవని రోజు కూడా ఒకటుంది. వయసులో ఉండగా లాడ్జీలో దుప్పట్లు ఇస్త్రీ చేసేది. ఏడో నెల రాగానే మేనేజరు "నీ పొట్ట బల్లకి అడ్డమొస్తోంది, ఇక రావద్దు" అన్నాడు. పనిచేసిన రోజుల జీతం కూడా ఇవ్వలేదు. ఆమె "అలాగేనండి" అని ఇంటికొచ్చేసింది. ఆ రోజు అడగనిదంతా వడ్డీతో సహా ఇప్పుడు వసూలు చేస్తోందని కొడుకు వేళాకోళం.

ఇప్పుడు కోడలికి ఐదో నెల. అచ్చాఫీసులో పుస్తకాలు కుడుతుంది. అక్కడ కాన్పుకి సెలవుంది, సెలవుకి జీతం లేదు. ఆ నెలలన్నీ కొరియర్లు పంచే మొగుడి జీతం ఒక్కటే దిక్కు. ఇద్దరూ మంచం మీద కూర్చుని ఎన్నిసార్లు లెక్కేసినా, అద్దె దగ్గరికి వచ్చేసరికి డబ్బు చాలేది కాదు.

"ముందు కొనడం మానండి," అంది అత్తగారు. "మూడు నెలల్లో పొట్టైపోయే చొక్కాకి డబ్బు తగలేస్తారా? ఆసుపత్రికి దాచండి. మిగతాది నేను చూసుకుంటా."

చూసుకుంది. నేరుగా టీచరమ్మ ఇంటికెళ్లి, నిద్రపోతున్న ఆవిడ మనవణ్ణి పరకాయించి చూసింది. "వీడి కాళ్లు ఉయ్యాల దాటి వచ్చేస్తున్నాయి. ఇస్తారా?"

"వాడింకా అందులోనే పడుకుంటున్నాడండీ."

"పడుకోనివ్వండి. లేచాకే తీసుకెళ్తా," అని అక్కడే కుర్చీ లాక్కుని కూర్చుంది.

మందుల షాపాయన దగ్గర స్నానం తొట్టి, దర్జీ దగ్గర మెత్తటి గుడ్డముక్కలు. చివరికి స్కానింగ్ చేస్తున్న డాక్టరమ్మని కూడా వదల్లేదు. "మీ పిల్లలు పెద్దవాళ్లయ్యారు కదా, వాళ్ల దోమతెర ఇస్తారా?" బల్ల మీద పడుకున్న కోడలు గట్టిగా కళ్లు మూసుకుంది.

"అత్తయ్యా, నా పరువు తీస్తున్నారు."

"నీదెక్కడ తీశాను? అడిగింది నేను. పోతే నాది పోతుంది. అదెప్పుడో పోయింది, ప్రాణానికి హాయిగా ఉంది."

పరువు సంగతి అలా ఉంచితే, ఒకరోజు ఇంట్లోంచి ఉయ్యాలే పోయింది. మర్నాడు తొట్టి. ఆపైన దోమతెర. ఎన్నిసార్లు అడిగినా అత్తగారు మాట దాటేసింది. "అమ్ముకుంటోందేమో," అన్నాడు కొడుకు. కోడలికి ఒళ్లు మండింది.

ఆదివారం అత్తగారు గుడ్డల మూట చంకన పెట్టుకుని బయల్దేరితే, కోడలు వెనకే వెళ్లింది. అత్తగారు వెనకసందులో వాచ్‌మన్ గదిలోకి దూరి, ఖాళీ చేతులతో బయటికొచ్చి వెళ్లిపోయింది. కోడలు తొంగిచూసింది. ఉయ్యాల అక్కడుంది. అందులో నెల కూడా నిండని పసిగుడ్డు.

వాచ్‌మన్ భార్య విసుక్కుంది. "మీ ఇంట్లో చోటు లేదటగా అక్కా? మీ అత్తయ్య ఏదో ఒక సామాను తేవడం, 'కాస్త మీ గదిలో పెట్టుకుంటారా, ఊరికే ఉంచితే పాడైపోతుంది, వాడుతూ ఉండండి' అని ఒకటే బతిమాలడం. పెద్దావిడ కదా అని ఒప్పుకున్నాం. మాకూ ఇరుకే మరి."

కోడలికి నవ్వు తన్నుకొచ్చింది. "మీకు శ్రమే పాపం. ఇంకొన్నాళ్లు ఓర్చుకోండి," అని చెప్పి వచ్చేసింది.

ఇంటికొచ్చి అత్తగారిని నిలదీసింది. "మరి మనకో?"

"నీ కాన్పు నాటికి ఆ గుంట బోర్లాపడుతుంది, ఉయ్యాల్లో ఆగదు. అప్పుడు మళ్లీ అడుగుతా, నాకేమన్నా కొత్తా? ఇస్తానంటే ఆ తల్లి పుచ్చుకోదే. సిగ్గెక్కువ. అది సరే గానీ, సెలవు జీతం సంగతి మీ ఓనరుని అడిగావా?"

"ఏమనుకుంటారో అని..."

"ఏమనుకుంటాడు? ఈ పిల్లకి నోరుందనుకుంటాడు."

సోమవారం కోడలు తనతో కుట్టుపని చేసే ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకుని ఓనరు గదిలోకి వెళ్లింది. ఆయన లేచాడు, కూర్చున్నాడు, మంచినీళ్లు తాగాడు, చివరికి సగం జీతం ఇస్తానన్నాడు. సగంతో అద్దె గట్టెక్కుతుంది. మిగతా సగానికి మళ్లీ వస్తామని చెప్పి మరీ వాళ్లు బయటికొచ్చారు.

ఇక చదివిన మీకో మాట. మీ పనిచోట కడుపుతో ఉన్న మనిషికి సెలవులో జీతం ఉందో లేదో రేపే కనుక్కోండి. లేకపోతే ఆమె ఒక్కతే అడగాల్సిన గతి పట్టకుండా మీరూ పక్కన నిలబడండి. మీ అటక మీద ఉయ్యాల ఖాళీగా ఉంటే దింపి, దుమ్ము దులిపి, కావలసిన ఇంటికి చేర్చండి. ఇస్తున్నామని మాత్రం అనకండి. ఇంట్లో చోటు లేదనండి.