మామ చెప్పిన ధర

మా నంద్యాల మామ, అంటే అమ్మకు అన్న, ఎవరి కారెక్కినా ముందు చెప్పులు విప్పేవాడు. అద్దె కారైనా సరే, వాటిని కాగితంలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఆ భక్తి అబద్ధమని నేను ఇప్పటికీ అనలేను. దాన్ని చూసే నాయన ఆయన్ను నమ్మాడు.

ఆళ్లగడ్డలో మాకు ఇద్దరు పట్టే రేసు కారు ఉండేది. స్వదేశం వెళ్లిపోతూ ఒక దొర అమ్మితే నాయన కొన్నాడు. అలాంటివి దిగుమతి కావడం ఆగిపోయాక పాతవాటి ధరలు పెరుగుతున్నాయని విన్నాం. మామ మాత్రం నవ్వేశాడు.

"పాత బండికి అంత ధర యాడన్నా న్యాయమా బావా? అదంతా పుకారు. నాకియ్యి, సచ్చేదాకా నేనే పెట్టుకుంటా."

నాయన కొన్న ధరకే ఇచ్చేశాడు.

కొన్ని నెలలకు నేనూ నాయనా నంద్యాల వెళ్లాం. మామ షెడ్డు ఖాళీగా ఉంది. కారును మద్రాసు ఆసామికి రెండింతల ధరకు అమ్మేశాడట.

"కొత్తవి రాకపాయె. దొరకనిదానికి ధర పెరిగేది న్యాయమే గదా బావా" అన్నాడు మామ, నేల చూస్తూ.

"న్యాయమే. ఆ పొద్దు నాకూ ఇదే చెప్పింటే బాగుండు" అని నాయన కాఫీ ముట్టకుండా లేచాడు.

ఇల్లు చేరగానే అమ్మ ఆత్రంగా ఎదురొచ్చింది. "మా యన్న బండిని బాగా చూసుకుంటాండాడా?"

నాయన నా వైపు ఒకసారి చూశాడు.

"బిడ్డ మాదిరి చూసుకుంటాండాడు" అన్నాడు.