ప్రళయం మర్నాటి అపాయింట్‌మెంట్లు

పళ్ల డాక్టరమ్మ క్లినిక్‌లో అపాయింట్‌మెంట్లు రాసే గుమాస్తాకు రెండే భయాలు. ఒకటి లోకం అంతమైపోవడం, రెండోది డాక్టరమ్మ కుర్చీ. మొదటిది తొందరగా వచ్చేస్తే రెండోదాని బెడద తప్పుతుందని ఆయన ఆశ.

ఆయన కింది దవడలో ఒక పన్ను పుచ్చి, చెంప బంతిలా ఉబ్బింది. పీకక తప్పదని డాక్టరమ్మ ఎప్పుడో తేల్చేసింది. అది ముప్పై ఆరో నంబరు పన్నట. నోట్లో ఉండేవే ముప్పై రెండు కదా అనకండి, డాక్టర్లు నోటిని నాలుగు భాగాలు చేసి, మూడో భాగంలో ఆరో పన్నును అలా పిలుస్తారు. మూడూ ఆరూ తొమ్మిది. ఇంకేం, లోకం ఎప్పుడు అంతమవుతుందో లెక్కకట్టడానికి దొరికింది కొస.

క్లినిక్ తలుపు నంబరు, ఎక్కే బస్సు నంబరు, పుట్టిన తేదీ అన్నీ కూడాడు. ఏడొస్తే చెప్పుల జతకని రెండు కలిపాడు. పదకొండొస్తే చెప్పులు విప్పేశాడు. ఎటు తిరిగినా తొమ్మిదే. రెండూ ఏడూ కూడినా తొమ్మిదే కాబట్టి, ఇరవై ఏడో తేదీ గురువారం, పొద్దుగుంకేలోగా లోకం సమాప్తం.

వెంటనే తన పన్ను పీకుడు శుక్రవారం పొద్దున్నకు రాసుకున్నాడు. జాలిగుండె కదా, అంతటితో ఊరుకోలేదు. వీధి చివర బట్టలు కుట్టే పెద్దమ్మతో సహా, కుర్చీ పేరు చెబితే వణికేవాళ్లందరికీ శుక్రవారమే ఇచ్చి, ఆ రోజు రానే రాదని చెవిలో ఊదాడు.

ఇంట్లో భార్య అంతా విని, "అయితే ఏమండీ, బుధవారం బట్టలు ఉతకనా, మాననా?" అని అడిగింది.

ఆయన చాలాసేపు ఆలోచించి, "నానబెట్టి ఉంచు" అన్నాడు.

గురువారం మామూలుగానే వచ్చి మామూలుగానే వెళ్లింది. శుక్రవారం ఇరవై ముగ్గురు చెంపలు పట్టుకుని దిగారు. బెంచీలు చాలక మెట్ల మీద కూడా కూర్చుని ఆయన్ను కొరకొరా చూస్తున్నారు. డాక్టరమ్మ పుస్తకం తిరగేసి, మొదటి పేరు మీదేగా, రండి అంది. పాపం వీళ్లంతా ఎంతసేపటి నుంచో కాచుకుని ఉన్నారు, ముందు వీళ్లను చూడండని ఆయన నసిగాడు.

"మాకేం తొందర లేదు బాబూ," అంది పెద్దమ్మ. "నువ్వు పద. నువ్వు బతికొస్తే మా సంగతి ఆలోచిస్తాం."

పావుగంటకు ఆయన నోట్లో దూదితో బయటికి వచ్చాడు. నొప్పేసిందా అని పెద్దమ్మ అడిగితే, తల అడ్డంగా ఊపాడు. నిజమే, సూదిమందు పుణ్యమా అని ఆయనకేమీ తెలియలేదు.

పెద్దమ్మ తన సంచి ఆయన చేతిలో పెట్టి లేచింది.

"చచ్చినా ఆ కుర్చీ ఎక్కకూడదనుకున్నాను. నిన్ను నమ్ముకుంటే చావనే లేదు. ఇక ఎక్కక ఏం చేస్తాను," అంటూ లోపలికి నడిచింది.